మిషన్‌లో చెయ్యి పడితే: మొదటి గంట నుంచి మెడికల్ బోర్డు దాకా

నేను రామకృష్ణాపూర్ నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది తమ్ముళ్లు ఒకటే అడిగారు: "అన్నా, కాంట్రాక్ట్ పనిలో దెబ్బ తగిలితే మాకేం వస్తది? పర్మనెంట్ వాళ్లకేం వస్తది?" అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదే. కొంచెం పొడుగు ఉంటుంది. లెక్కలు కూడా ఉంటాయి. కానీ మీ ఇంట్లో ఒక్కరైనా బాయికో, ఓపెన్‌కాస్ట్‌కో, వర్క్‌షాప్‌కో పోతుంటే ఇది చివరిదాకా వినండి.

మన బొగ్గు బెల్టులో ప్రమాదం అనగానే గుర్తొచ్చేవి పెద్దవి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఇవి పేపర్లలో వచ్చాయి, విచారణలు జరిగాయి, ఇప్పటికీ మా పెద్దోళ్లు తారీఖులతో సహా చెప్తారు. కానీ రెండు వేళ్లు పోయినోడి గురించి, పాదం నలిగినోడి గురించి పేపర్లో రాదు. ఆయన బతికే ఉంటాడు. ఇంటికి వస్తాడు. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

మిషన్ ఎట్ల పట్టుకుంటుంది?

మా తాతల కాలంలో బొగ్గు తవ్వకం అంటే తట్టా చెమ్మస్. ఒంటి బలం మీద పని. తర్వాత భూగర్భంలోకి ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ మిషన్లు వచ్చాయి. అడ్రియాలలో లాంగ్‌వాల్ వచ్చింది. పైన ఓపెన్‌కాస్టుల్లో షావెల్, డంపర్, డోజర్. బొగ్గును మోసే కన్వేయర్ బెల్టులైతే అన్ని చోట్లా ఉంటాయి. నెత్తి మీద తట్ట మోసే బాధ తగ్గింది, నిజమే. కానీ దెబ్బ తీరు మారింది.

మిషన్ దెబ్బలు ముఖ్యంగా నాలుగు రకాలుగా జరుగుతాయి.

ఒకటి, లాక్కోవడం. బెల్టు డ్రమ్ము మీదకు ఎక్కే చోట, రోలర్‌కూ బెల్టుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. గ్లోవ్ అంచు, చొక్కా చెయ్యి, తువ్వాల కొస, ఏది దొరికినా లోపలికి తీసుకుపోతుంది. సెకనుకు రెండు మీటర్లు పోయే బెల్టు అనుకుందాం. ప్రమాదం అని మన బుర్ర గ్రహించి చెయ్యి వెనక్కి లాగడానికి అర సెకను పడుతుంది అనుకుందాం. ఆ అర సెకనులో బెల్టు ఒక మీటరు పోతుంది. అంటే మోచెయ్యి దాటి భుజం దాకా. "నేను చురుకైనోణ్ణి, చటుక్కున తీసేస్తా" అనే మాట ఇక్కడ పనిచెయ్యదు.

రెండు, నొక్కుకుపోవడం. ఇరుకు గ్యాలరీలో ఎస్‌డీఎల్ తిరుగుతుంటే మనిషి మిషన్‌కూ బొగ్గు గోడకూ మధ్య ఉండిపోతాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ రివర్స్ వచ్చేటప్పుడు ఆపరేటర్‌కు అద్దంలో కనిపించని జాగా చాలా ఉంటుంది. అంత ఎత్తు క్యాబిన్ నుంచి చూస్తే టైర్ పక్కన నిలబడ్డ మనిషి అసలు కనిపించడు.

మూడు, హాలేజ్. టబ్బులు లాగే రోప్ తెగినా, కొక్కెం ఊడినా టబ్బులు ఏటవాలు దారిలో కిందికి దూసుకొస్తాయి. అందుకే స్టాప్ బ్లాకులు, పక్కన నక్కడానికి మ్యాన్‌హోళ్లు ఉంటాయి. హాలేజ్ నడుస్తుంటే ఆ దారిలో నడవొద్దు అనే రూలు ఊరికే పెట్టలేదు.

నాలుగు, ఆగిన మిషన్ మళ్లీ నడవడం. రిపేర్‌కో క్లీనింగ్‌కో ఒకరు లోపల చెయ్యి పెట్టి ఉంటారు. అవతల ఎవరో స్విచ్ ఆన్ చేస్తారు. లోపల మనిషి ఉన్నాడని వాళ్లకు తెలియదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. నడుస్తున్న బెల్టు కింద బొగ్గు పొడి ఊడ్వొద్దని అందరికీ తెలుసు కదా, మరి ఎందుకు ఊడుస్తారు? ఎందుకంటే బెల్టు ఆపితే బొగ్గు ఆగుతుంది, బొగ్గు ఆగితే పైనుంచి ఫోన్ వస్తుంది. "ఆపకుండనే కానియ్" అని నోటితో చెప్తారు, కాగితం మీద రాయరు. దెబ్బ తగిలాక మాత్రం "నడుస్తున్న మిషన్ దగ్గరికి ఎవరు పొమ్మన్నరు?" అని అడుగుతారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పరిహారం దగ్గర మళ్లీ దీని అవసరం పడుతుంది.

మొదటి గంట: వేలు తెగితే ఏం చెయ్యాలి?

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టండి, చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. పసుపు, కాఫీ పొడి, గ్రీజు ఏదీ పెట్టొద్దు.

తెగిన భాగం దొరికితే పారేయొద్దు. నేరుగా ఐసులో కూడా వెయ్యొద్దు, ఐసు తగిలితే కణాలు చచ్చిపోతాయి. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్లు పోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టండి. ఆ కవర్‌ను ఐసు నీళ్లున్న ఇంకో డబ్బాలో పెట్టండి. అంటే తెగిన వేలికి చల్లదనం తగలాలి, ఐసు తగలొద్దు. వేళ్లలో కండ తక్కువ కాబట్టి చల్లగా ఉంచితే కొన్ని గంటల టైం దొరుకుతుంది. చెయ్యి, మోచెయ్యి లాంటి కండ ఉన్న భాగానికి ఆరు గంటల లోపే చెయ్యాలంటారు. నలిగిపోయిన భాగాన్ని అన్నిసార్లూ అతికించలేరు. కానీ అది డాక్టర్ చెప్పాల్సిన మాట, సూపర్‌వైజర్ చెప్పాల్సింది కాదు.

ఇంకొకటి. మిషన్‌లో చెయ్యి ఇరుక్కుంటే కంగారులో మిషన్‌ను ఉల్టా తిప్పొద్దు. ముందు కరెంటు పూర్తిగా తీసేయాలి. తర్వాత ఆ మిషన్ తెలిసిన మనిషితో విప్పించాలి.

మొదటి రోజు: కాగితం

ప్రమాదం జరిగిన రోజు రాసిన కాగితమే తర్వాత ఏళ్లపాటు మన తరఫున మాట్లాడుతుంది. ఆ రోజు రాయనిది రెండేళ్ల తర్వాత నిరూపించడం చాలా కష్టం.

1952 గనుల చట్టంలో దెబ్బల్ని రెండు తరగతులుగా పెట్టారు. శరీరంలో ఏదైనా భాగం శాశ్వతంగా పోయినా, చూపు లేదా వినికిడి దెబ్బతిన్నా, ఎముక విరిగినా అది తీవ్ర గాయం. చాలామందికి తెలియనిది ఏంటంటే, చేతి వేలి ఎముక విరిగినా, కాలి వేలి ఎముక విరిగినా అది తీవ్ర గాయమే. అంత పెద్దది కాకపోయినా 72 గంటలు లేదా అంతకంటే ఎక్కువ పనికి పోలేని దెబ్బ అయితే అది కూడా రిపోర్ట్ చెయ్యాల్సిన గాయమే. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. గనుల చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో ఆ గడువు 48 గంటలు.

రిపోర్ట్ అంటే గని యాజమాన్యం డీజీఎంఎస్‌కు, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు తెలియజెయ్యడం. దాని హెడ్డాఫీసు ధన్‌బాద్‌లో ఉంది. మన వైపు హైదరాబాద్ ఆఫీసు చూస్తుంది. ప్రాణం పోయినా, తీవ్ర గాయమైనా, మనిషిని కాపాడటానికి తప్ప ఆ జాగాను ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా చెడగొట్టకూడదని పాత చట్టంలో ఉంది. ఎందుకంటే బెల్టుకు గార్డు ఉందా, పుల్ కార్డ్ లాగితే బెల్టు ఆగిందా అనేది ఆ జాగాను చూస్తేనే తెలుస్తుంది. సాయంత్రానికి కొత్త గార్డు బిగిస్తే ఇక చూసేదేముంటుంది?

ఇప్పుడు మీరు అంటారు, ఫోన్‌తో ఫొటో తీస్తాం అని. భూగర్భ గనిలోకి ఫోన్ తీసుకుపోవద్దు. అది రూలు మాత్రమే కాదు, కింద గ్యాస్ ఉండే చోట మామూలు ఫోన్ ప్రమాదం. కానీ పైకి వచ్చాక మీ ఫోనే మీ ఫైలు. ఇవి ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి పెట్టండి:

హాస్పిటల్ ఓపీ చిట్టీ, అడ్మిషన్ కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ.

గేట్ పాస్, మస్టర్ లేదా హాజరు కనిపించే ఏ కాగితమైనా.

జీతం పడ్డ బ్యాంకు ఎంట్రీలు, పీఎఫ్ పాస్‌బుక్. పీఎఫ్ పాస్‌బుక్‌లో కాంట్రాక్టర్ సంస్థ పేరు ఉంటుంది. "ఈయన మా మనిషే కాదు" అన్నప్పుడు అదే జవాబు.

సూపర్‌వైజర్ వాట్సాప్ మెసేజ్‌లు. "రేపు ఫస్ట్ షిఫ్ట్‌కు బెల్ట్ క్లీనింగ్‌కు రా" అని ఒక్క లైను ఉన్నా చాలు. డిలీట్ చెయ్యొద్దు.

అన్నింటికంటే ముఖ్యమైనది, హాస్పిటల్లో డాక్టర్ "ఎట్ల తగిలింది?" అని అడిగి రాసే ఒక్క వాక్యం. అక్కడ "పని చేస్తుండగా మిషన్‌లో" అని ఉండాలి. పక్కన నిలబడ్డ మనిషి "ఇంట్లో జారి పడ్డడు సార్" అని చెప్తే, మీకు మాట్లాడే ఓపిక లేకపోయినా, మీ ఇంటి మనిషి అక్కడికక్కడే సరిచేయించాలి.

పర్మనెంట్ కార్మికుడి దారి

సింగరేణి పర్మనెంట్ కార్మికుడైతే దారి కొంత వరకు వేసి ఉంటుంది. ఐఓడీ అంటే ఇంజురీ ఆన్ డ్యూటీ అని రాస్తారు. మందమర్రి ఏరియా వాళ్లయితే మా రామకృష్ణాపూర్ ఏరియా హాస్పిటల్‌కు తెస్తారు, అవసరమైతే పైకి రెఫర్ చేస్తారు. డ్యూటీలో గాయమై కోలుకునే కాలానికి వేతనం ఇచ్చే నియమం బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందంలో ఉంది. అందుకే ఐఓడీ అని రాయడం ముఖ్యం. దాని బదులు మామూలు సిక్ రాయించుకుంటే మన సిక్ లీవులు పోతాయి. రేపు పరిహారం అడిగినప్పుడు రికార్డు కూడా ఉండదు.

తర్వాత మెడికల్ బోర్డు. కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్లో జరుగుతుంది. బోర్డు ఫిట్ అనొచ్చు, సర్ఫేస్ జాబ్ అంటే పైన పని అనొచ్చు, అన్‌ఫిట్ అనొచ్చు. అన్‌ఫిట్ అయితే వారసుడికి ఉద్యోగం అనే ఆశ ఉంటుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో మళ్లీ మెడికల్ బోర్డు మొదలైంది.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక సంగతి గట్టిగా మాట్లాడుకోవాలి. నాయిన చెయ్యి దెబ్బతింటే, ఆయనకు నయం కావాలని కోరుకోవాలా, అన్‌ఫిట్ కావాలని కోరుకోవాలా అనే చోటికి కొడుకు వచ్చేస్తాడు. ఆ తండ్రి కూడా "నా చెయ్యి ఎట్లన్న పోయింది, కొడుకన్న నిలబడ్తడు" అనుకుంటాడు. ఫిజియోథెరపీకి పోతే చెయ్యి బాగుపడి ఫిట్ ఇస్తారేమో అని మానేసినవాళ్లను నేను చూశాను. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, బయట ఉద్యోగాలు అట్ల ఉన్నాయి. కానీ తమ్ముడూ, వ్యాయామం మానేసిన కీలు బిగుసుకుపోతే అది బోర్డు అయిపోయాక తిరిగి రాదు. తెగిన వేలు, పోయిన నరం ఎక్స్‌రేలో, పరీక్షలో కనిపిస్తాయి. వైద్యం చేయించుకున్నంత మాత్రాన అవి దాగవు. "బోర్డులో నేను మాట్లాడి పెడ్తా" అని డబ్బులు అడిగే బ్రోకర్‌కు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ప్రభుత్వ కంపెనీలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇంకా పర్మనెంట్ ఉద్యోగుల శాలరీ అకౌంట్‌తో ముడిపడిన కోటి రూపాయల ప్రమాద బీమా 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మీ అకౌంట్ ఆ శాలరీ ప్యాకేజీలో ఉందో లేదో ఒకసారి బ్యాంకులో అడిగి చూసుకోండి.

కాంట్రాక్ట్ కార్మికుడి దారి

ఇప్పుడు ఎక్కువమంది అడిగిన దగ్గరికి వద్దాం. పాత ఈఎస్‌ఐ చట్టం గనులకు వర్తించేది కాదు. అందుకే కాంట్రాక్ట్ కార్మికుడికి ఆధారం 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. ఇప్పుడు అది సామాజిక భద్రతా కోడ్‌లో ఒక అధ్యాయం అయింది. కానీ కోడ్ రాకముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే. లెక్క వేసే పద్ధతి రెండింట్లోనూ అదే తీరు.

లెక్క ఎట్ల అంటే: మరణమైతే నెల జీతంలో 50 శాతం, పూర్తి శాశ్వత వైకల్యమైతే 60 శాతం తీసుకుంటారు. దాన్ని వయసును బట్టి ఉండే ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. 25 ఏళ్లకు ఫ్యాక్టర్ 216.91, 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. చిన్న వయసుకు ఎక్కువ, ఎందుకంటే ఇంకా పని చెయ్యాల్సిన ఏళ్లు ఎక్కువ. 2020 జనవరి నుంచి పాత చట్టం కింద లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 15,000 రూపాయలు. మీ జీతం 22,000 ఉన్నా లెక్క 15,000 మీదే.

30 ఏళ్ల మనిషికి పూర్తి వైకల్యం వస్తే: 15,000లో 60 శాతం 9,000. దాన్ని 207.98తో గుణిస్తే 18,71,820 రూపాయలు.

కొంత భాగం పోతే ఎంత శాతం అని చట్టంలోనే పట్టిక ఉంది. ఒక చేతి చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, మూడు పోతే 30, నాలుగు పోతే 50. బొటనవేలు ఒక్కటే పోయినా 30. బొటనవేలికి అంత విలువ ఎందుకంటే అది లేకపోతే ఏ పనిముట్టూ పట్టుకోలేం. 30 ఏళ్ల మనిషికి బొటనవేలు పోతే 18,71,820లో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు.

ఇది కాకుండా వైద్యానికి అయిన అసలు ఖర్చు యజమాని ఇవ్వాలి. అది పరిహారంలో కోతపెట్టే డబ్బు కాదు. తాత్కాలికంగా పని చెయ్యలేని కాలానికి పదిహేను రోజులకొకసారి నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. అంటే నెలకు సగం జీతం.

మా వాడకట్టులో ఒక అన్న ఉన్నాడు. పేరు, పని చేసిన చోటు చెప్పను. 2023లో ఒక ప్రైవేటు కాంట్రాక్టర్ కింద బెల్టు దగ్గర పనిచేస్తుంటే కుడి చేతి మూడు వేళ్లు పోయాయి. అప్పుడు ఆయన వయసు 35. కాంట్రాక్టర్ మనిషి బండి మీద ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు, బిల్లు కట్టాడు. 40,000 రూపాయలు చేతిలో పెట్టి ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. "గింత దానికి కేసులెందుకు తమ్మీ, దవాఖాన ఖర్చు నేనే పెట్టిన గదా. మంచిగైనంక పనికి రా, నేను చూసుకుంటా" అన్నాడు. ఆరు నెలల తర్వాత పోతే "మూడు వేళ్లు లేకుండ ఏం పని చేస్తవ్?" అని గేటు దగ్గరి నుంచే పంపించారు.

ఆయన లెక్క మనం వేద్దాం. 35 ఏళ్లకు ఫ్యాక్టర్ 197.06. 9,000తో గుణిస్తే 17,73,540. మూడు వేళ్లకు 30 శాతం, అంటే 5,32,062 రూపాయలు. చేతికి వచ్చింది 40,000.

ఆ సంతకం సంగతి ఏంటి మరి? చట్టం దీన్ని ముందే ఊహించింది. పరిహారం హక్కును వదులుకుంటున్నాను అని కార్మికుడు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 17వ సెక్షన్ చెప్తుంది. కాంట్రాక్టర్ పారిపోయినా, డబ్బు లేదన్నా, ఎవరి పని కోసం కాంట్రాక్ట్ ఇచ్చారో ఆ అసలు యజమాని నుంచి అడిగే హక్కు 12వ సెక్షన్ ఇస్తుంది. నెల లోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా పెనాల్టీ అని 4ఏ సెక్షన్‌లో ఉంది. వచ్చిన పరిహారాన్ని అప్పులవాళ్లు జప్తు చెయ్యలేరు.

కానీ గడువు ఒకటుంది. పాత చట్టం ప్రకారం రెండేళ్ల లోపు క్లెయిమ్ వెయ్యాలి. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలుంది, కానీ దాని మీద ఆధారపడొద్దు. మా అన్న 22వ నెలలో వేశాడు. పీఎఫ్ పాస్‌బుక్, రెండు వాట్సాప్ మెసేజ్‌లు, దవాఖాన చిట్టీ, ఇవే ఆయన దగ్గరున్నవి. విచారణ నడుస్తోంది. వాయిదాకు పోయిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. అయినా పోతున్నాడు.

క్లెయిమ్ కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్‌గా ఉండే అధికారి దగ్గర వెయ్యాలి. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే జిల్లాలో కూడా వెయ్యొచ్చు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం, ఊరికి పోయాక అక్కడి నుంచే వెయ్యొచ్చు. లాయర్‌కు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. పారిశ్రామిక కార్మికులకు, దివ్యాంగులకు అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. హెల్ప్‌లైన్ 15100.

ఇక ప్రైవేటు వర్క్‌షాప్, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు, పది మంది పైన ఉండి జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ దారి వేరే ఉంటుంది. మీ ఈఎస్‌ఐ నంబర్ దెబ్బ తగలకముందే తెలుసుకుని పెట్టుకోండి.

"తప్పు నీదే" అంటే?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇది. పరిహారం అడగ్గానే మొదటి జవాబు "నడుస్తున్న మిషన్‌లో నువ్వే చెయ్యి పెట్టినవ్" అని వస్తుంది.

చట్టం ఏమంటుందంటే, కార్మికుడు అజాగ్రత్తగా ఉన్నాడు అన్నంత మాత్రాన పరిహారం పోదు. యజమాని మూడు విషయాల్లో ఒకటి చూపించాలి: తాగి ఉన్నాడని, స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని లేదా భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించాడని, భద్రత కోసం పెట్టిన గార్డును కావాలని తీసేశాడని. మరణం లేదా పూర్తి శాశ్వత వైకల్యం అయితే ఈ మూడు సాకులూ పనిచెయ్యవు. గార్డే లేని బెల్టు దగ్గర "గార్డు తీసేశాడు" అనడం కుదరదు. ఆ రోజు జాగాను చెడగొట్టకూడదని చెప్పింది అందుకే.

ఇంకో సంగతి. పట్టికలో ఉన్న శాతమే ఆఖరు కాదు. ఒక వడ్రంగి ఎడమ చెయ్యి పోయిన కేసులో 1975లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. యజమాని తరఫున ఇది పాక్షిక వైకల్యమే అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఒక్క చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి ఆయన వరకు అది పూర్తి వైకల్యమే అంది. అంటే ఎంత శరీరం పోయింది అన్నది ఒక లెక్క, ఆయన చేసే పని ఎంత పోయింది అన్నది ఇంకో లెక్క. మీ కేసులో రెండో లెక్క కూడా అడగాలి.

కొత్త కోడ్‌లో ఇంకో మార్పు, ఇంటి నుంచి డ్యూటీకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు దారిలో జరిగిన ప్రమాదం కూడా పనితో సంబంధం చూపించగలిగితే పని ప్రమాదం లెక్కలోకి వస్తుంది. నైట్ షిఫ్ట్ దిగి బండి మీద వచ్చేవాళ్లు ఇది ఇంట్లో చెప్పి ఉంచండి.

గాయం మానాక

కుట్లు విప్పాక అందరూ "మంచిగైంది" అంటారు. లేని వేలు మాత్రం నొప్పి పెడుతూనే ఉంటుంది. లేని చెయ్యి దురద పెడుతుంది, లేని పిడికిలి బిగుసుకున్నట్టు ఉంటుంది. ఇది పిచ్చి కాదు, నటన కాదు. చెయ్యి పోయినా మెదడులో ఆ చెయ్యికి ఉన్న జాగా పోదు. తమిళనాడులో పుట్టిన న్యూరో శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దీనికి అద్దం పెట్టే పద్ధతి కనిపెట్టాడు. మంచి చేతిని అద్దం ముందు పెట్టి కదిలిస్తే, లేని చెయ్యి కదిలినట్టు మెదడు చూస్తుంది. కొంతమందికి ఆ నొప్పి తగ్గుతుంది. ఇట్లాంటి నొప్పి ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పండి.

నిద్రలో ఉలిక్కిపడటం, మిషన్ చప్పుడు వింటే చెమట పట్టడం, ఇంట్లోవాళ్ల మీద కోపం, ఇవి కూడా దెబ్బలో భాగమే. చాలా ఇళ్లలో దీనికి మందు కల్లు, సారా అయిపోతున్నాయి. కలిసి కూర్చుని అన్నం తినలేక, ఎడమ చేత్తో తింటే ఎవరేమంటారో అని పెళ్లిళ్లకు పోవడం మానేసిన మనుషులున్నారు. మనం వాళ్ల దగ్గరికి పోయి కూర్చోవడం కూడా సాయమే.

డబ్బు వైపు రెండు పనులు చెయ్యండి. వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి, 40 శాతం ఆపైన ఉంటే చాలా పథకాలకు అర్హత వస్తుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అని బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే పాలసీ ఉంది. ప్రమాదంలో మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, ఒక చెయ్యి, ఒక కాలు లేదా ఒక కన్ను పూర్తిగా పోతే 1 లక్ష. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. ఇది తర్వాత తీసుకునేది కాదు, ఇవాళ తీసుకునేది.

ఆపే పద్ధతి

చివరగా, దెబ్బ తగలకుండా చేసే ఒక్క అలవాటు చెప్తాను. మిషన్ ఆపు, స్విచ్‌కు తాళం వెయ్యి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో, "మనిషి ఉన్నాడు" అని బోర్డు తగిలించు, ఒకసారి స్టార్ట్ నొక్కి కదలడం లేదని చూసుకో, అప్పుడు చెయ్యి పెట్టు. నలుగురు లోపల పనిచేస్తుంటే నాలుగు తాళాలు ఉండాలి. ఆఖరి మనిషి బయటికి వచ్చేదాకా మిషన్ నడవదు. దీనికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు, తాళాలు కావాలి, ఐదు నిమిషాలు కావాలి.

ఆ ఐదు నిమిషాలు ఇవ్వకపోతే అడగండి. ఒక్కరే అడిగితే రేపటి నుంచి రావొద్దంటారు అనే భయం నిజమైనదే, నేను కాదనను. అందుకే మీ గనిలో ఉండే సేఫ్టీ కమిటీకి, కార్మికుల తరఫున ఉండే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్‌కు, పిట్ సెక్రటరీకి నలుగురు కలిసి చెప్పండి. ప్రాణాపాయం ఉందని అనిపిస్తే యజమానికి, ఇన్‌స్పెక్టర్‌కు చెప్పే హక్కు కొత్త కోడ్‌లో కూడా ఉంది. నోటితో చెప్పినా, అదే మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. తారీఖు, టైం పడి ఉంటుంది.

ఈ ఎపిసోడ్‌ను ఫార్వర్డ్ చేస్తే ముందు మీ ఇంట్లో షిఫ్ట్‌కు పోయే మనిషికి పంపండి. ఆయనకు టైం లేకపోతే రెండు మాటలు నోటితో చెప్పండి చాలు: దవాఖాన చిట్టీలో "పనిలో తగిలింది" అని రాయించుకోవాలి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. మీకు తెలిసిన కేసులు, డౌట్లు ఉంటే పంపండి, పేర్లు లేకుండా వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. జాగ్రత్తగా పోయి, అన్ని వేళ్లతో ఇంటికి రండి. నమస్తే.